పసిబిడ్డల సేవలకు మూడేళ్ల గ్రాంటు చాలదు

ఇంగ్లండులో బిడ్డ పుట్టిన పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య, పసిబిడ్డల ఆరోగ్యం చూసే నర్సు, హెల్త్ విజిటర్, ఇంటికి వస్తుంది. బిడ్డను తూచి, ఆ బరువును అందరూ రెడ్ బుక్ అని పిలిచే పుస్తకంలో రాసి, పాలు సరిపోతున్నాయా, కంటికి నిద్ర ఉంటోందా అని తల్లిని అడుగుతుంది. ఆమెను ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ పంపుతుందని ఇక్కడి మన తెలుగువాళ్లలో చాలామంది అనుకుంటారు. ఆమె ఉద్యోగం ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్టులోనే అయినా కావచ్చు గాని, 2015 అక్టోబరు నుంచి ఈ సేవను ఏర్పాటు చేసి డబ్బు కేటాయించవలసిన బాధ్యత స్థానిక కౌన్సిళ్లది. అంటే ఆ తల్లి ఇంటికి ఆమె ఎన్నిసార్లు రాగలదు, దిగులు పసిగడితే ఎవరి దగ్గరికి పంపగలదు అన్నవి చాలావరకు కౌన్సిల్ బడ్జెట్‌ మీద ఆధారపడిన సంగతులు.

పంపవలసిన చోటు ఒక్కటే కాదు. తల్లికి కుంగుబాటు ఉంటే కుటుంబ వైద్యుడు జీపీ ఉన్నారు, ఎన్‌హెచ్‌ఎస్‌లో బాలింతల మానసిక ఆరోగ్య బృందాలు ఉన్నాయి. కానీ బిడ్డ ఏడుస్తుంటే ఎత్తుకోవడానికి చేతులు రాని తల్లికి, ఈ బిడ్డకు నేనంటే ఇష్టం లేదని నమ్మిన తల్లికి, అటువంటి తండ్రికి కావలసినది ఇంకొకటి ఉంది. తల్లినీ బిడ్డనూ విడివిడిగా కాక కలిపి చూసే బృందాలను ఇక్కడ పేరెంట్-ఇన్‌ఫంట్ టీములు అంటారు. వాటిలో కొన్ని చోట్ల వాడే ఒక పద్ధతి నాకు ఎంతో నచ్చింది. తల్లి బిడ్డతో ఆడుకుంటున్న కొద్ది నిమిషాలను వీడియో తీసి, తరువాత తల్లీ చికిత్సకురాలూ పక్కపక్కన కూర్చుని దాన్ని చూస్తారు. బిడ్డ తల తిప్పి తల్లి గొంతు వైపు చూసిన చోట, తల్లి తనకు తెలియకుండానే ముందుకు వంగి బదులు పలికిన చోట, చికిత్సకురాలు వీడియోను ఆపి, అక్కడ బిడ్డ ఏం చేస్తోందో మీరే చెప్పండని అడుగుతుంది. తప్పులు ఎత్తి చూపడం అందులో ఉండదు. నేను చేతకాని తల్లిని అని అనుకుంటున్న మనిషికి, తాను చేయగలిగినది కళ్లెదుట కనబడుతుంది. ఇది ఒక పూటలో అయ్యే పని కాదు. చాలా వారాలపాటు అదే మనిషి రావాలి, తల్లికి ఆ మనిషి మీద నమ్మకం కుదరాలి.

మన ఇళ్లలో ఆ నమ్మకం కుదరడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. పురుటికి సాయంగా అమ్మో అత్తగారో ఆరు నెలల విజిటర్ వీసా మీద వస్తారు. వాళ్లున్నన్నాళ్లూ స్నానాలు, పథ్యం, బిడ్డను ఊపి నిద్రపుచ్చడం సాగిపోతాయి. వీసా గడువు ముగిసి వాళ్లు విమానం ఎక్కిన మరునాటి నుంచి, భర్త ఆఫీసుకు వెళ్లాక, చలికాలపు చీకట్లో ఆ అమ్మాయి, బిడ్డ మాత్రమే మిగులుతారు. 1987లో ఎడిన్‌బరోలో రూపొందించిన పది ప్రశ్నల పత్రాన్ని బాలింతల కుంగుబాటును గుర్తించడానికి ఈనాటికీ వాడుతున్నారు. ఆ పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అని అడుగుతుంది. పక్క సోఫాలో అత్తగారు కూర్చుని ఉండగా, మొదటిసారి చూసిన మనిషికి ఏ కోడలు నిజం చెబుతుంది? రెండోసారో మూడోసారో వచ్చినప్పుడు, గదిలో వేరెవరూ లేనప్పుడు, అవసరమైతే కుటుంబానికి సంబంధం లేని దుబాసీ సాయంతో అడిగితేనే జవాబు వస్తుంది. ప్రసవమైన ఆరు వారాల నుంచి ఏడాది లోపు జరిగే ప్రత్యక్ష మాతృమరణాలకు మొదటి కారణం ఆత్మహత్యేనని బ్రిటన్ మాతృమరణాల సమీక్షలు పదేపదే చెబుతున్నప్పుడు, ఆ మూడో రాకను అదనపు సౌకర్యంగా లెక్కగట్టడానికి నా మనసు ఒప్పుకోదు.

డబ్బు సంగతికి వస్తే, 2021 శరదృతు బడ్జెట్‌లో, కుటుంబాలకు కావలసిన సేవలు ఒకే చోట దొరికే ఫ్యామిలీ హబ్‌లకు, పసిబిడ్డల తొలినాళ్ల సేవల కోసం పెట్టిన స్టార్ట్ ఫర్ లైఫ్ కార్యక్రమానికి కలిపి సుమారు 30 కోట్ల పౌండ్లు ప్రకటించారు. అందులో 10 కోట్లు తల్లిదండ్రులకూ పసిబిడ్డలకూ మధ్య బంధానికి, బాలింతల మానసిక ఆరోగ్యానికి ఉద్దేశించినవి. నిధులు అందినది 75 కౌన్సిళ్లకు, మూడేళ్ల కాలానికి. ఇంగ్లండులో ఈ సేవల బాధ్యత ఉన్న కౌన్సిళ్లు 150కి పైగా ఉన్నాయి కనుక, దాదాపు సగం చోట్ల ఆ సొమ్ము లేనట్లే. గడువు ముగియవచ్చే వేళకు మరో ఏడాది పొడిగింపు వచ్చింది.

ఈ రకం నిధులతో ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. మొదటి ఏడాదిలో ఎక్కువ భాగం మనుషులను వెతకడానికి, శిక్షణ ఇవ్వడానికి పోతుంది. రెండో ఏడాదికి పని కుదురుకుంటుంది. మూడో ఏడాది సగానికి వచ్చేసరికి, ఏప్రిల్ తరువాత తన ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషి వేరే చోట దరఖాస్తు పెట్టుకుంటుంది, ఆమెను తప్పుపట్టలేము. అప్పటికే ఆమెకు మనసు విప్పిన తల్లి మళ్లీ మొదటి నుంచి మరొకరికి చెప్పుకోవాలి. నమ్మకమే ఆధారంగా నడిచే సేవకు ఇంతకంటే పెద్ద నష్టం లేదు.

ఇలా జరగడం ఈ దేశానికి కొత్త కూడా కాదు. చిన్నపిల్లలున్న కుటుంబాలకు సాయపడే కేంద్రాలుగా 1999లో మొదలైన ష్యూర్ స్టార్ట్ 2010 నాటికి దాదాపు 3,600 కేంద్రాలకు పెరిగింది. 2011లో ఆ సొమ్మును వేరే పనులకు మళ్లించకూడదన్న కట్టుబాటు తీసేశారు. కౌన్సిళ్లకు వచ్చే మొత్తం నిధులకూ కోత పడింది. కేంద్రాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, కొన్ని పేరుకు మిగిలాయి. మొదటి ఐదేళ్లూ ఆ కేంద్రాలకు దగ్గరలో పెరిగిన పేద కుటుంబాల పిల్లలు పదహారేళ్ల వయసులో రాసే జీసీఎస్ఈ పరీక్షల్లో మూడు గ్రేడ్ల వరకు మెరుగ్గా రాణించారని ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ 2024లో తేల్చింది. ఫలితం కనబడే నాటికి, ఆ ఫలితాన్ని ఇచ్చిన కేంద్రాలు చాలా ఊళ్లలో లేవు.

కౌన్సిళ్లను తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. ఆపదలో ఉన్న పిల్లలను రక్షించడం, వృద్ధులకూ వికలాంగులకూ సంరక్షణ చూడడం చట్టం విధించిన పనులు. వాటి ఖర్చు ఏటేటా పెరుగుతోంది. 2023లో బర్మింగ్‌హామ్ అంతటి నగరమే జమాఖర్చులు సరిపెట్టలేమని సెక్షన్ 114 నోటీసు ఇచ్చుకుంది. అటువంటప్పుడు చట్టం గట్టిగా అడగని పని మీదే ముందు కత్తెర పడుతుంది. అయితే ఆ కోత మిగిల్చేది ఎంత? ఒక ఏడాదిలో పుట్టిన పిల్లల విషయంలో, తల్లుల మానసిక సమస్యల వల్ల సమాజం మోసే దీర్ఘకాలిక ఖర్చు 810 కోట్ల పౌండ్లని 2014లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, సెంటర్ ఫర్ మెంటల్ హెల్త్ కలిసి లెక్కకట్టాయి. అందులో 72 శాతం బిడ్డ మీద పడే ప్రభావానిదే. తల్లి ఒక్కతికే చికిత్స చేసి సరిపెట్టుకోలేమని ఈ లెక్కే చెబుతోంది.

2025 జూలైలో ప్రభుత్వం బెస్ట్ స్టార్ట్ ఫ్యామిలీ హబ్‌లను ప్రకటించింది: 50 కోట్ల పౌండ్లకు పైగా నిధులతో, 2026 ఏప్రిల్ నుంచి ప్రతి కౌన్సిల్‌లోనూ, 2028 చివరికి వెయ్యి వరకు కేంద్రాలు. సగం కౌన్సిళ్లను వదిలేసే పద్ధతి పోతున్నందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. కానీ భవనానికి బోర్డు పెట్టడం సులువు, లోపల శిక్షణ పొందిన మనుషులను పదేళ్లు నిలపడం కష్టం. పేరెంట్-ఇన్‌ఫంట్ టీమును నడపడం హెల్త్ విజిటర్ సమీక్షల లాగానే చట్టం విధించిన బాధ్యత కావాలని, అందులోని ఉద్యోగాలు గ్రాంటు గడువుతో ముడిపడకుండా శాశ్వతం కావాలని నా అభిప్రాయం.

ఇక్కడి తెలుగు కుటుంబాలకు రెండు విషయాలు చెప్పాలి. వీసా మీద ప్రభుత్వ నిధులకు అర్హత లేదని రాసి ఉండడం చూసి హబ్‌కు వెళ్లడానికి భయపడేవారు ఉన్నారు. ఆ నిషేధం కొన్ని భృతులకు, గృహవసతికి సంబంధించినది, హెల్త్ విజిటర్ సేవకు గాని ఫ్యామిలీ హబ్‌కు గాని వర్తించదు. రెండోది, చట్టబద్ధంగా నివసిస్తున్న భారత పౌరులకు, కామన్వెల్త్ పౌరులుగా, కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది. ఏటా చలికాలంలో కౌన్సిళ్లు వచ్చే సంవత్సరపు బడ్జెట్ ముసాయిదా మీద ప్రజల అభిప్రాయాలు అడుగుతాయి. మార్చి రెండో వారం లోపు కౌన్సిల్ టాక్స్ ఖరారు చేయాలి. ఆ అభిప్రాయ సేకరణ పత్రంలో పార్కింగు గురించి, చెత్త బండి గురించి రాసేవారు ఎందరో ఉంటారు. మీ కౌన్సిల్‌లో పేరెంట్-ఇన్‌ఫంట్ టీము ఉందా, అందులో ఎంతమంది ఉద్యోగం శాశ్వతం, తెలుగు దుబాసీ కావాలంటే ఎన్నాళ్లు పడుతుంది అన్న మూడు ప్రశ్నలు అందులో రాసి, అవే మీ వార్డు కౌన్సిలర్‌కు కూడా పంపండి.