కీమోమెట్రిక్స్ ప్రిపరేషన్: సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు చేత్తో వేయాల్సిన లెక్కలు

కీమోమెట్రిక్స్ అంటే రసాయన కొలతల డేటాను గణాంకాలతో విశ్లేషించడం. పీసీఏ (ఎన్నో చలరాశులను కాంపోనెంట్లనే కొన్ని ముఖ్య దిశలకు కుదించే పద్ధతి), పీఎల్ఎస్ (స్పెక్ట్రమ్ నుంచి గాఢతను అంచనా వేసే రిగ్రెషన్ పద్ధతి) నిర్వచనాలు బట్టీపడితే ఈ యూనిట్ అయిపోయినట్టే అనుకోకండి. ప్రీప్రాసెసింగ్‌లో, అంటే విశ్లేషణకు ముందు డేటాను సిద్ధం చేయడంలో ఒక్క అడుగు మారిస్తే జవాబు ఎటు పోతుందో చెప్పగలగాలి. అది చేత్తో లెక్క వేస్తేనే వంటబడుతుంది.

రెండు లోహాల గాఢతలు తీసుకోండి. మొదటిదాని ప్రామాణిక విచలనం 10, రెండోదానిది 1, సహసంబంధ గుణకం 0.8 అనుకుందాం. ఆటోస్కేలింగ్ చేస్తే, అంటే ఒక్కో చలరాశి నుంచి దాని సగటు తీసేసి ప్రామాణిక విచలనంతో భాగిస్తే కోరిలేషన్ మాత్రిక వస్తుంది. దాని ఐగెన్ విలువలు (ఒక్కో కాంపోనెంట్ మోసే వైవిధ్యం) 1.8, 0.2. మొదటి కాంపోనెంట్ వాటా 90 శాతం, లోడింగులు (కాంపోనెంట్‌లో ఒక్కో చలరాశి బరువు) రెండూ 0.707. ఇప్పుడు అదే డేటాకు మీన్ సెంటరింగ్ మాత్రమే చేయండి, అంటే సగటు తీసేసి ఊరుకోండి. ఈసారి వచ్చే కోవేరియన్స్ మాత్రికలో వికర్ణంలో 100, 1, మిగతా రెండు గళ్లలో 8 ఉంటాయి. ఐగెన్ విలువలు 100.64, 0.36. మొదటి కాంపోనెంట్ వాటా 99.6 శాతానికి ఎగబాకింది కదా అని మోడల్ మెరుగైందని రాయకండి. లోడింగులు చూడండి: 0.997, 0.080. రెండో లోహం లెక్కలోంచి దాదాపు తప్పుకుంది. కొలమానం పెద్దదైన చలరాశే మొత్తం లాగేసుకుంది.

అలాగని ఆటోస్కేలింగ్ అన్నిచోట్లా పనికొస్తుందనుకోకండి. స్పెక్ట్రాల్లో అన్ని చలరాశులదీ ఒకే కొలమానం. అక్కడ ఆటోస్కేలింగ్ చేస్తే సిగ్నల్ లేని తరంగదైర్ఘ్యాల నాయిస్‌కు కూడా పీకులతో సమానమైన బరువు వస్తుంది. ఎస్‌ఎన్‌వీని (స్టాండర్డ్ నార్మల్ వేరియేట్) దీంతో కలిపేసుకోవడం మామూలు పొరపాటు. ఎస్‌ఎన్‌వీ అడ్డు వరుస మీద, అంటే ఒక్కో స్పెక్ట్రమ్ మీద విడిగా పనిచేస్తుంది. ఆటోస్కేలింగ్ నిలువు వరుస మీద.

1964 నాటి సావిట్స్కీ-గోలే స్మూతింగ్‌కు అయిదు బిందువుల వర్గ బహుపది గుణకాలు గుర్తుంచుకోండి: -3, 12, 17, 12, -3, మొత్తాన్ని 35తో భాగించాలి. 2, 4, 9, 4, 2 అనే సన్నని పీక్‌కు వేసి చూడండి. మధ్య విలువ 9 నుంచి 6.77కు దిగుతుంది. విండో పీక్‌కన్నా వెడల్పైతే నాయిస్‌తో పాటు పీక్ ఎత్తూ పోతుందని ఈ ఒక్క లెక్క చెబుతుంది.

నాకైతే అసలు పరీక్ష పీఎల్ఎస్ వాలిడేషన్‌లోనే, అంటే కొన్ని వరుసలను బయట పెట్టి మోడల్‌ను పరీక్షించడంలోనే ఉందనిపిస్తుంది. 30 నమూనాలు, ఒక్కోదానికి మూడేసి స్కాన్లు, మొత్తం 90 వరుసలు ఉన్నాయనుకోండి. ఒక్కో వరుసనే బయట పెడితే దాని జంట స్కాన్లు రెండూ మోడల్‌లోనే ఉండిపోతాయి. ఆర్‌ఎంఎస్‌ఈసీవీ (అలా బయట పెట్టిన వరుసల అంచనాల్లో దోషం) అన్యాయంగా తక్కువ చూపిస్తుంది. మూడూ కలిపి బయట పెట్టాలి, సగటును ప్రతి రౌండ్‌లోనూ మిగిలిన నమూనాలతోనే మళ్లీ లెక్కించాలి. ఫ్యాక్టర్లు (పీఎల్ఎస్ కాంపోనెంట్లు) ఒక్కొక్కటిగా పెంచుతూ పోతే ఆర్‌ఎంఎస్‌ఈసీవీ విలువలు 0.62, 0.35, 0.21, 0.20, 0.20 వచ్చాయనుకోండి. మూడుతో ఆగండి. నాలుగోది తెచ్చే కొద్దిపాటి లాభం నాయిస్‌ను నేర్చుకోవడం వల్ల కూడా కావచ్చు.

ఇక్కడ ఎంఎల్ఆర్ (మామూలు బహుళ రేఖీయ రిగ్రెషన్) ఎందుకు కుదరదంటే రెండు వాక్యాలు చాలు: 20 నమూనాలు, 700 తరంగదైర్ఘ్యాలు ఉంటే మీన్ సెంటరింగ్ తర్వాత మాత్రిక ర్యాంకు 19 దాటదు. అందుకే ఎంఎల్ఆర్‌కు కావాల్సిన 700×700 మాత్రికకు విలోమం ఉండదు.

అవుట్‌లయర్ (మిగతావాటితో పొసగని నమూనా) ప్రశ్నకు ముందు రెండు విలువలూ విడివిడిగా చదవండి: హోటెలింగ్ టీ-స్క్వేర్ (మోడల్ లోపల కేంద్రం నుంచి దూరం), క్యూ (మోడల్ వివరించలేక మిగిలిన భాగం). హోటెలింగ్ టీ-స్క్వేర్ ఎక్కువ, క్యూ తక్కువ అయితే నమూనా మోడల్‌కు తెలిసిన దిశలోనే చాలా దూరం వెళ్లింది. బహుశా గాఢత క్యాలిబ్రేషన్ పరిధి దాటింది. క్యూ ఎక్కువైతే మోడల్ ఎప్పుడూ చూడనిదేదో అందులో ఉంది: కొత్త మలినం, లేదా పరికరం బేస్‌లైన్ జరగడం. అప్పుడు క్యూ అవశేషాన్ని తరంగదైర్ఘ్యాల వారీగా గీసి, ఏ ప్రాంతంలో పెరిగిందో చెప్పండి.