సెలోపెహాదు కుమార్తెలు అడిగిన వాటా

ఇశ్రాయేలీయుల ఆరాధన స్థలమైన ప్రత్యక్ష గుడారపు ద్వారం దగ్గర వాళ్ల నాయకుడు మోషే, యాజకుడైన ఎలియాజరు, ప్రధానులు, సర్వ సమాజమూ ఉన్నారు. అందరి ఎదుటా అయిదుగురు అక్కచెల్లెళ్లు, చనిపోయిన సెలోపెహాదు కుమార్తెలు, వచ్చి నిలబడ్డారు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. బైబిల్లో సంఖ్యాకాండము 27వ అధ్యాయం వాళ్లను పేరుపేరునా చెబుతుంది. కొడుకులు లేనంత మాత్రాన మా తండ్రి పేరు వంశంలోంచి ఎందుకు పోవాలి, ఆయన అన్నదమ్ములతో పాటు మాకూ భూమి ఇవ్వండి అన్నారు. మోషే తనంతట తాను తీర్పు చెప్పలేదు, దేవుని సన్నిధికి తీసుకుపోయాడు. వాళ్లు అడిగింది యుక్తమేనన్నాడు యెహోవా. కొడుకులు లేని ప్రతి ఇంటికీ అదే కట్టడ, అంటే నియమం, అయింది.

ఖురాన్‌లో వారసత్వం గురించిన ఆయతుల (వాక్యాల) నేపథ్యం చదివినప్పుడు నాకు ఈ అయిదుగురే గుర్తొచ్చారు. ప్రవక్త అనుచరుడు సాద్ బిన్ రబీ (రజి) ఉహుద్ యుద్ధంలో షహీద్ అయ్యారు, అంటే వీరమరణం పొందారు. ఆస్తంతా ఆయన సోదరుడు తీసేసుకున్నాడు. భార్య ఇద్దరు కూతుళ్లనూ వెంటబెట్టుకుని ప్రవక్త ముహమ్మద్ (స) దగ్గరికి వచ్చింది. చేతిలో ఏమీ లేకపోతే వీళ్లకు పెళ్లిళ్లు ఎలా అవుతాయని అడిగింది. అల్లాహ్ తీర్పు చేస్తాడన్నారాయన. అన్నిసా అనే సూరా (అధ్యాయం)లోని ఆయతు అవతరించింది. ఆ సోదరుణ్ణి పిలిపించి, కూతుళ్లకు మూడింట రెండు వంతులు, తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి మిగిలింది నువ్వు తీసుకో అన్నారని హదీసు (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనం).

రెండుచోట్లా ఆడవాళ్లు నోరు తెరిచి అడిగాకే వాక్యం వచ్చింది. అడిగినందుకు వాళ్లను దేవుడు గద్దించలేదు. అన్నదమ్ములున్న కూతురికి అన్నిసా సూరాలో వాళ్ల వాటాలో సగమే, సెలోపెహాదు కుమార్తెలకు సొంత గోత్రంలోనే పెళ్లి చేసుకోవాలన్న షరతు. ఇవి దాచనక్కర్లేదు. కానీ ఆ రాసిపెట్టినదైనా అందుతోందా? కట్నం ఇచ్చాం కదా అంటూ చెల్లెలి చేత హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించుకునే అన్నలు మన ఊళ్లలో, అన్ని మతాల్లో, ఎంతమంది లేరు?

కేరళలో 1916 నాటి తిరువాన్కూరు క్రైస్తవ వారసత్వ చట్టం కూతురికి ఇచ్చింది కొడుకు వాటాలో నాలుగో వంతు లేదా 5,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. దాని మీద కేరళ క్రైస్తవ మహిళ మేరీ రాయ్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1986లో గెలిచారు. ఆ తీర్పును క్రైస్తవ సంఘ పెద్దలే ఎందరో వ్యతిరేకించడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

సెలోపెహాదు కుమార్తెలు ఆ అయిదుగురికీ ఒక్క తీర్పుతో పని జరగలేదు. కనానులో భూమి పంచేనాటికి మోషే లేడు. బైబిల్లోని యెహోషువ గ్రంథం 17వ అధ్యాయంలో వాళ్లు మళ్లీ వచ్చి, మాకు వాటా ఇమ్మని యెహోవా మోషేకు ఆజ్ఞాపించాడు అని గుర్తుచేశారు. అప్పుడు గానీ భూమి చేతికి రాలేదు.