ఉప్పుడు మిల్లు కళ్ళం, మన బడి హాజరు పట్టీ

మన బడి సంచికల్లో మేష్టర్ల గురించి వ్యాసాలు చాలా వచ్చాయి, ఇంకా రావాలి. ఈసారి బడి ప్రహరీకి అవతల ఉన్న సిమెంటు కళ్ళం, అంటే మిల్లువాళ్ళు ధాన్యం ఎండబెట్టే నేల గురించి కూడా ఒక వ్యాసం ఉండాలి. ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబెట్టి బియ్యం ఆడేవి ఉప్పుడు మిల్లులు. వాటి పక్కన ఉన్న బడి హాజరు పట్టీని ఆ కళ్ళం సంగతి తెలియకుండా చదివితే తప్పుగానే చదువుతాం. సార్వా (తొలి పంట) కోతలయ్యాక డిసెంబరు, జనవరి నెలల్లో, మళ్ళీ దాళ్వా (రెండో పంట) ధాన్యం దిగే ఏప్రిల్లో, ఆరు నుంచి ఎనిమిది తరగతుల ఆడపిల్లల పేర్ల ఎదురుగా గైర్హాజరు గుర్తులు వరసగా పడేవి. వాళ్ళ ఇళ్ళల్లో చదువంటే లెక్కలేదని అప్పట్లో సులువుగా అనేసేవారు. అసలు కారణం ధాన్యం ఎండబెట్టే పనిలోనే ఉంది.

1852లో గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు నీళ్ళతో పాటు పడవల్నీ తెచ్చాయి. ధాన్యం పడవల మీద దిగేది, తొట్లకి నీరూ దగ్గరే. అందుకే పాత మిల్లులు చాలావరకు కాలవ గట్ల మీదే కనిపిస్తాయి. మనవాళ్ళు తినేది పచ్చి బియ్యమే, అంటే ఆవిరి పట్టకుండా ఆడినవి. ఉప్పుడు బియ్యం ఎక్కువగా కేరళకి వెళ్ళేది. దాళ్వాలో వేసే బొండాలు, అంటే మార్టేరు వరి పరిశోధన కేంద్రం వాళ్ళ ఎం.టి.యు. 3626 రకం, ముఖ్యంగా ఆ బేరం కోసమే.

పని ఇలా సాగేది. తూర్పారబట్టిన ధాన్యాన్ని సిమెంటు తొట్లలో నానబెట్టాలి. పాత పద్ధతిలో చన్నీళ్ళలో రెండు మూడు రోజులు. రోజూ నీళ్ళు మార్చకపోతే పులిసి, అన్నంలో కూడా వాసన పోదు. తరవాత వచ్చిన పద్ధతిలో 70 డిగ్రీల దగ్గర వేడినీళ్ళు పడితే మూడు నాలుగు గంటలు చాలు. నీళ్ళు వదిలేసి ఆవిరి పట్టాలి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ఆవిరి చాలకపోతే గింజ మధ్యలో తెల్లటి పొట్ట మిగులుతుంది, మరలో అక్కడే విరుగుతుంది. ఎక్కువైతే ఊక నోరు తెరుచుకుని గంజి బయటికొస్తుంది, బియ్యం రంగు మారుతుంది. పొట్టు అప్పుడే చీలుతున్న గింజని గోటితో ఒలిచి వెలుగుకి పట్టి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

అక్కడి నుంచి పని కళ్ళం ఆడవాళ్ళది. తొట్టిలోంచి వచ్చిన ధాన్యంలో తేమ నూటికి 30 దాటి ఉంటుంది. దాన్ని 14కి దించాలి. తెల్లవారుజామునే గంపలతో మోసి, అంగుళం మందాన పరిచి, వరసగా నిలబడి పాదాలతో ఈడుస్తూ నడుస్తారు. పాదం వెనక చాలు పడి, కింది గింజ పైకొస్తుంది. మొదటిసారి తూర్పు నుంచి పడమరకి నడిస్తే రెండోసారి ఉత్తరం నుంచి దక్షిణానికి నడవాలి, లేకపోతే చాళ్ళ మధ్య గట్లలో తేమ అలాగే ఉండిపోతుంది. మధ్యాహ్నానికి తేమ 18, 20 దగ్గరికి వస్తుంది. అప్పుడు ఆపి, కుప్ప చేసి, పట్టాలు కప్పి రెండు మూడు గంటలు ఉంచాలి. గింజ లోపలి తడి పైకి వచ్చి సమానం కావాలి కదా. ఆ తరవాత మళ్ళీ పరిచి ఆరబెట్టాలి. తొందరపడి ఒకే ఎండలో 16 కిందకి దించేస్తే గింజలో కంటికి కనపడని నెర్రె పడుతుంది. మరలో వేసిన రోజున గాని నూక రూపంలో ఆ తప్పు బయటపడదు. ఎప్పుడు ఆపాలో చెప్పే తేమ మీటరు కళ్ళం మీద ఉండేది కాదు. పెద్దామె ఎవరో నాలుగు గింజలు పంటి కింద వేసుకుని, "చాల్లే, కుప్పెయ్యండే" అంటే అదే మాట. సరిగ్గా ఆరిన గింజ టక్కుమని విరుగుతుంది, గుప్పిట్లో గలగలమంటుంది.

ఈ పనిలో మధ్యలో ఇంటికి వెళ్ళే వీలుండదు. మబ్బు పట్టిందంటే పది నిమిషాల్లో కళ్ళం మొత్తం కుప్పలు కావాలి. ఆవిరి పట్టిన ధాన్యం తడిసి రాత్రంతా కుప్పలో ఉంటే తెల్లారేసరికి వేడెక్కి, పుల్లటి వాసన వేసి, బూజు పడుతుంది. అందుకే చంకలో బిడ్డ ఉన్న తల్లి కూడా పొద్దు వాలేదాకా కళ్ళం దిగదు. మరి ఆ బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి? పదకొండు, పన్నెండేళ్ళ అక్క దగ్గర. హాజరు పట్టీలో ఖాళీలకి కారణం ఇది.

దీనికి అప్పటి చట్టంలోనే మందు ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షను ఆడవాళ్ళు 50 మంది దాటితే ఆరేళ్ళలోపు పిల్లలకి శిశుగృహం పెట్టాలంది. 1976 సవరణతో ఆ లెక్క 30కి దిగింది. అయితే కళ్ళం పని మేస్త్రి గుత్తకి ఇస్తే, ఆడవాళ్ళ పేర్లు మిల్లు మస్టరులోకే, అంటే పనివాళ్ళ పట్టీలోకే ఎక్కవు. నలభై మంది నడిచే కళ్ళం కాగితం మీద పది మందిగా మిగులుతుంది. 1975లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలై అంగన్‌వాడీలు వచ్చాయి, మేలు జరిగింది. కాని కళ్ళం తెల్లవారకముందే మొదలైతే, అంగన్‌వాడీ బాగా పొద్దెక్కాక తెరుస్తారు. ఆ మధ్య గంటల్లోనే బడి గంట కొట్టేస్తారు. 1874లోనే కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో ఆడపిల్లలకి బడి తెరిచిన గడ్డ ఇది. వందేళ్ళ తరవాత కూడా ఇక్కడి ఆడపిల్లకి బడి ఉండి, చంకలో పిల్లని దింపే చోటు లేకపోయింది. ఇది మామూలు విషయంగా తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం. ఒక్క శిశుగృహం ఉంటే ఎంతమంది పదో తరగతి దాకా వచ్చేవారో!

మధ్యాహ్నం సంగతి కొంత మారింది. అంతకుముందు చిన్న పిల్లలు అన్నానికి కళ్ళం దగ్గరికే వెళ్ళేవారు, సగం మంది తిరిగి వచ్చేవారు కాదు. 2003లో ప్రాథమిక బడుల్లో వండిన భోజనం మొదలయ్యాక మధ్యాహ్నం బెంచీలు నిండాయి.

ఇక ముఠా, అంటే బస్తాలు మోసే కూలీల జట్టు. బస్తాలు ఎత్తే పని బస్తా లెక్క కూలి మీద నడుస్తుంది, వచ్చింది ముఠాలో అందరూ సమానంగా పంచుకుంటారు. డెల్టాలో ధాన్యం బస్తా 75 కిలోలు. బియ్యం బస్తా ఒకప్పుడు క్వింటాలు, తరవాత 50 కిలోలకి దిగింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ప్రకారం ఒక మగ కూలీ మోయదగ్గ బరువు 55 కిలోలకి మించకూడదు. ఇద్దరు లేపి మూడోవాడి వీపు మీదకి పెడితే, అతను లారీకి ఆనించిన బల్ల మీదుగా ఎక్కుతాడు. మంచుకి తడిసిన బల్ల, చిరిగిన గోనె, ఈ రెండే ఎక్కువ నడుముల్ని తీశాయి. లెక్క మాత్రం "లాభం"తో మొదలవుతుంది, "ఒకటి" అనరు. "లాభం, రెండు, మూడు..." ఆ లెక్క విని పెరిగిన పిల్లలకి ఎక్కాలు ముందే నోటికి వచ్చేవి. పాత కొలతల్లో రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం అన్నది కూడా ఇంట్లోనే వచ్చేది. బడిలో నేర్వాల్సింది కిలోల లెక్క ఒక్కటే.

ఆ లెక్క కూడా మిల్లుదే. నూరు కిలోల ధాన్యానికి 20, 22 కిలోలు ఊక పోతుంది, ఉప్పుడు బియ్యం 68 దాకా రావాలి, మిగిలింది ఎక్కువగా తవుడే. పాత హల్లరు మరల్లో ఊకా తవుడూ కలిసిపోయి పశువులకి తప్ప పనికొచ్చేది కాదు. ఊకని విడిగా ఒలిచే రబ్బరు రోళ్ళ షెల్లర్లు వచ్చాక తవుడు విడిగా దిగి నూనె మిల్లులకి వెళ్ళింది. పచ్చి తవుడు ఒకటి రెండు రోజులకే ముక్కిపోయిన వాసన వేస్తుంది. ఉప్పుడు తవుడు ఆవిరిలో ఉడికింది కాబట్టి నిలవుంటుంది, నూనె కూడా ఎక్కువ. ఊక బాయిలరు కిందకి పోయేది. దాని బూడిద గాలికి వచ్చి మన వరండా మీదా నల్లబల్ల మీదా పడేది. అందులో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుక జాతి. కంట్లో పడితే నలపకుండా నీళ్ళు చల్లమని చెప్పడం అందుకే.

ఏడాదిలో బాయిలరు పూర్తిగా చల్లారేది సంక్రాంతి మూడు రోజులే. ఆ మూడు రోజులూ ఖాళీ కళ్ళం మీద కళ్ళం ఆడవాళ్ళే ముగ్గులు వేసేవారు. ఊళ్ళో అంత పెద్ద ముగ్గు పట్టే చోటు ఇంకోటి లేదు.

ఇప్పుడు చాలా మిల్లుల్లో ఊక మంట మీద నడిచే డ్రయ్యర్లు ఉన్నాయి. ధాన్యం గోపురం లాంటి పెట్టెలో పైనుంచి కిందకి దిగుతూ వేడిగాలికి ఆరుతుంది. అక్కడ కూడా మధ్యలో ఆపి సేద తీర్చాల్సిందే, గింజ స్వభావం మారలేదు. కాని కళ్ళం మీద నలభై మంది చేసిన పని నలుగురితో అయిపోతోంది.

మన బడి బీరువాల్లో ఆనాటి హాజరు పట్టీలు ఉంటే చెదలు పట్టకముందే ఫొటోలు తీయించాలని సంఘాన్ని కోరుతున్నాను. డిసెంబరు, జనవరి, ఏప్రిల్ పేజీలు ముందు తీయండి. కళ్ళం మీద నడిచిన అమ్మలు కొందరు మన ఊళ్ళోనే ఉన్నారు. ఆ పేజీల్లో పేర్లు చదివి వినిపిస్తే, ఏ రోజున ఏ పిల్ల ఎవరిని ఎత్తుకుని గోడ పక్కన నిలబడిందో వాళ్ళు చెప్పగలరు.