'కదా' తీసేసి అడగండి: టీమ్‌ను నడిపేవాళ్లకు కొన్ని పుస్తకాలు, పాడ్‌కాస్ట్‌లు, కసరత్తులు

"శుక్రవారానికి అయిపోతుంది కదా?" అని అడిగితే "అవునండీ" అనే వస్తుంది. ఆ జవాబులో కొత్త సంగతి ఏమీ ఉండదు. అడిగినవారు ఏం వినాలనుకుంటున్నారో ప్రశ్నలోనే చెప్పేశారు. అందుకే పుస్తకాల కంటే ముందు ఒక లెక్క తీయమంటాను. అందరి అనుమతితో ఒక అరగంట మీటింగ్ రికార్డ్ చేయండి. తర్వాత మీరు అడిగిన ప్రశ్నలన్నీ కాగితం మీద మూడు వరుసల్లో రాయండి: 'కదా'తో ముగిసినవి, అవును-కాదుతో తేలిపోయేవి, అడిగే క్షణానికి జవాబు మీకు నిజంగా తెలియనివి. మూడో వరుస ఎంత పొట్టిగా ఉందో చూశాక చదవడం మొదలుపెడితే చదివింది ఒంటబడుతుంది.

మొదట ఎడ్గార్ షైన్ 2013లో రాసిన 'హంబుల్ ఎంక్వయిరీ' చదవండి. చిన్న పుస్తకం. జవాబు ముందే తెలియని ప్రశ్నను, ఎదుటి మనిషి మీద ఆసక్తితో అడగడం ఎలాగన్నదే దాని విషయం. పని జరగాలంటే పై స్థాయిలో ఉన్నవారు కింది స్థాయివారి మీదే ఆధారపడాలి, ఆ సంగతి ఒప్పుకున్నవారికే అలా అడగడం వస్తుంది అంటాడాయన. తెలుగులో అడిగేవాళ్లు దీనికి ఇంకో జాగ్రత్త కలుపుకోవాలి. "ఎందుకు ఆలస్యమైంది?" అంటే మన చెవికి సంజాయిషీ అడిగినట్టే ఉంటుంది. వినేవారు వెంటనే తమను కాపాడుకునే పనిలో పడతారు. "ఎక్కడ ఆగింది?", "ఏం చూసి ఈ దారి ఎంచుకున్నారు?" అని అడిగితే అదే సమాచారం బెరుకు లేకుండా వస్తుంది.

రెండోది మైకేల్ బంగే స్టేనియర్ 'ది కోచింగ్ హ్యాబిట్' (2016). ఇందులో ఏడు ప్రశ్నలున్నాయి. అన్నిట్లోకీ విలువైనది "ఇంకా ఏముంది?" అన్నది. ఎవరైనా మొదట చెప్పే సమస్య చాలాసార్లు చెప్పడానికి తేలికైనది, అసలుది రెండో మూడో మాటకు బయటపడుతుంది. కాబట్టి రెండు మూడుసార్లు అడగండి, "అంతేనండీ" అన్నాక ఆపేయండి. అక్కడ కూడా ఆపకపోతే విచారణలా తయారవుతుంది. ఇంకో ప్రశ్న "ఇందులో మీకు అసలు కష్టమైనది ఏది?" ఇందులో 'మీకు' అన్న మాట వదలకూడదు. అది లేకపోతే సంభాషణ పక్క టీమ్ మీదికో కస్టమర్ మీదికో పోతుంది, మాట్లాడుతున్న మనిషి చేయగలిగింది పక్కకు జరుగుతుంది. ఏడింటినీ ఫారం నింపినట్టు వరసగా అడగడమే ఈ పుస్తకం చదివినవారు ఎక్కువగా చేసే పొరపాటు. వారానికి ఒక్క ప్రశ్న తీసుకుని అది నోటికి అలవాటయ్యాకే రెండోదానికి వెళ్లండి.

అడిగాక మౌనంగా ఉండటం అడగడం కంటే కష్టం. మేరీ బడ్ రో 1970లలో తరగతి గదులను పరిశీలించినప్పుడు, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగినచోట పిల్లల జవాబులు పొడవయ్యాయి, మామూలుగా నోరు విప్పనివాళ్లూ మాట్లాడారు. మీటింగ్‌లోనూ మనసులో మూడు లెక్కపెట్టండి. ఆన్‌లైన్‌లో అయితే ఐదు, ఎందుకంటే మైకు ఆన్ చేసుకోవడానికే కాస్త సమయం పోతుంది. ఆ ఖాళీ భరించలేక మీ ప్రశ్నకు మీరే జవాబు చెప్పారంటే, తర్వాతిసారి అందరూ మీ జవాబు కోసమే ఎదురుచూస్తారు.

ఇక ఏమీ దాచకుండా చెప్పే ధైర్యం టీమ్‌కు ఎక్కడి నుంచి వస్తుంది? దీనికి ఎమీ ఎడ్మండ్‌సన్ పరిశోధన చదవాలి. మంచి టీమ్‌లు తక్కువ తప్పులు చేస్తాయనే అంచనాతో ఆమె 1990లలో ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. అంకెలు తిరగబడ్డాయి: బాగా పనిచేసే టీమ్‌లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. అక్కడివాళ్లు వాటిని దాచకుండా చెబుతున్నారన్నది ఆమె ఇచ్చిన వివరణ. 2018లో వచ్చిన 'ది ఫియర్‌లెస్ ఆర్గనైజేషన్'లో ఈ ఆలోచన అంతా ఉంది. మీ రిపోర్టులో సమస్యల వరుస నెలల తరబడి ఖాళీగా ఉంటే సంతోషపడే ముందు అనుమానించండి. చెడ్డ వార్త వచ్చినప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి వాక్యాన్ని ముందే సిద్ధం చేసుకోండి: "చెప్పినందుకు థాంక్స్. ఇప్పటిదాకా ఏం తెలిసింది?" ఎవరి తప్పు అన్న ప్రశ్న ఆ పూట రాకూడదు.

డేవిడ్ మార్కే 'టర్న్ ద షిప్ అరౌండ్'ను ఒక్క సంఘటన కోసమైనా చదవాలి. 1999లో ఆయన అమెరికా నౌకాదళంలోని శాంటా ఫే జలాంతర్గామి కమాండర్ అయ్యారు. శిక్షణ పొందింది వేరే జలాంతర్గామి కోసం. ఒక డ్రిల్‌లో ఆయన ఒక వేగం సూచించారు. శాంటా ఫే మోటారుకు అసలు ఆ వేగమే లేదు. సంగతి తెలిసి కూడా, కమాండర్ చెప్పారు కాబట్టి అధికారి ఆ ఆదేశాన్ని అలాగే కిందికి పంపాడు. ఆ తర్వాత మార్కే ఆదేశాలివ్వడం తగ్గించి, "నేను ఇలా చేయాలనుకుంటున్నాను" అని సిబ్బందే చెప్పే పద్ధతి తెచ్చారు. దీన్ని అనుకరించేవాళ్లు ఒక భాగం వదిలేస్తుంటారు: పని క్షుణ్ణంగా తెలియడం, లక్ష్యం స్పష్టంగా ఉండటం అనే రెండు ఆధారాలు లేకుండా అధికారం అప్పగిస్తే గందరగోళమే మిగులుతుందని ఆయనే రాశారు.

పాడ్‌కాస్ట్‌లలో డేవ్ స్టాకోవియాక్ 2011 నుంచి నడుపుతున్న 'కోచింగ్ ఫర్ లీడర్స్', ఆడమ్ గ్రాంట్ 'వర్క్‌లైఫ్', శంకర్ వేదాంతం 'హిడెన్ బ్రెయిన్' చాలు. ఒక్కరే కూర్చుని సలహాలిచ్చే ఎపిసోడ్‌ల కంటే ఇంటర్వ్యూలు మేలు, ఎందుకంటే అడిగే పని అక్కడ మీ చెవికి వినిపిస్తుంది. వారానికి ఒక్కటి, మామూలు వేగంతో వినండి. అతిథి జవాబు పూర్తవగానే ఆపి, మీరైతే తర్వాత ఏం అడిగేవారో ఊహించండి. హోస్ట్ అడిగింది ముందే రాసుకున్న ప్రశ్నా, ఆ జవాబులోంచి పుట్టిందా గమనించండి. విన్న రోజే మూడు వాక్యాలు రాయండి: ఆశ్చర్యపరిచింది, ఒప్పుకోలేనిది, మీ టీమ్‌లో ఫలానావారిని అడగాల్సింది.

అడిగినంత మాత్రాన ఎవరూ ఉత్సాహపడరు. తమ మాట వల్ల ఏదైనా మారిందని కనబడాలి. అందుకే తర్వాతి మీటింగ్‌ను "పోయినవారం మీరు చెప్పినదాని వల్ల ఇది మార్చాం" అని మొదలుపెట్టండి. మార్చకపోతే, ఎందుకు మార్చలేదో చెప్పండి. రెండూ లేకుండా నెలరోజులు ప్రశ్నలు అడిగితే జనం విసిగిపోతారు.

చివరగా నాకు బాగా నచ్చిన కసరత్తు. రోజెన్‌బ్లిట్, కైల్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో జిప్పర్ లాంటి మామూలు వస్తువులు తమకు బాగానే అర్థమయ్యాయని జనం మార్కులు వేసుకున్నారు. అవి ఎలా పనిచేస్తాయో వివరంగా రాయమన్నాక ఆ మార్కులను వాళ్లే తగ్గించుకున్నారు. మీరు తరచూ సంతకం పెట్టే ఏదో ఒక ప్రక్రియను తీసుకుని పది నిమిషాలు అడుగడుగునా రాయండి. పెన్ను ఎక్కడ ఆగిందో ఆ పని చేసే మనిషి పక్కన ఇరవై నిమిషాలు కూర్చోండి. ఇది తనిఖీ కాదని ముందే చెప్పండి. "కిందటిసారి ఇది చేసినప్పుడు మొదట ఏం తెరిచారు?" అని మొదలుపెట్టండి. ప్రమాదకరం కాని పొరపాటు ఏదైనా కంటబడితే ఆ రోజుకు వదిలేయండి. అక్కడే సరిదిద్దబోతే, మీరు పక్కన కూర్చోబోయే తర్వాతి మనిషి బల్ల సర్దుకుని ఉంటారు.