రొయ్య పెంకు, నాన్న చెయ్యి

గత నెల ముత్తుకూరు దగ్గర మా రొయ్యల గుంటలో నీటికి గాలి అందించే ఏరియేటర్ యంత్రం రెక్క తగిలి నాన్న అరచెయ్యి చీరుకుపోయింది. ఆయన గుండె జబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నందున, నెల్లూరు చేరేసరికి చుట్టిన తువ్వాలు తడిసి ముద్దయింది. డాక్టరు గారు తెల్లని గాజ్ గుడ్డ ఒకటి గాయంలో కూరి, కొన్ని నిమిషాలు గట్టిగా అదిమి పట్టాక రక్తం ఆగింది. అందులో ఉన్నది కైటోసాన్ అనీ, రొయ్య, పీత పెంకుల్లోని కైటిన్ అనే పదార్థాన్ని క్షారంలో ఉడికించి దాన్ని తయారుచేస్తారనీ ఆయన చెప్పగానే నాన్న నొప్పి మరిచి, "ఏంది అబ్బయ్యా, మనం గంపలకొద్దీ పారబోసేది ఇదేనా?" అన్నారు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. కైటోసాన్‌ది ధనావేశం, ఎర్ర రక్తకణాల పైపొరది రుణావేశం. రెండూ అతుక్కుని గడ్డగా మారతాయి కనుక, మాత్రలు అడ్డుకునే, రక్తం గడ్డకట్టే సహజ ప్రక్రియపై అది అంతగా ఆధారపడదు. ఇదే పదార్థాన్ని సన్నని రంధ్రాలున్న చట్రంగా మలిచి, అందులో చర్మ కణాలనూ ఎముక కణాలనూ పెంచే పరిశోధనలు సాగుతున్నాయి. మన కన్నీటిలోనూ ఉండే లైసోజైమ్ అనే ఎంజైమ్ ఆ చట్రాన్ని మెల్లగా కరిగిస్తుందట. 1996లో అమెరికాలో అనుమతి పొందిన కృత్రిమ చర్మంలోనైతే ఆవు కొల్లాజెన్‌తో పాటు సొరచేప మృదులాస్థి నుంచి తీసిన పదార్థం కూడా ఉంది.

బిల్లులో ఆ గుడ్డ ధర చూశాక మాత్రం నాన్నకు నవ్వు రాలేదు.