సెల్ఫ్ గానీ కొట్టారేటి బాబూ?

శ్రావణమాసంలో రెండు రోజులు సెలవు దొరికితే పద్మనాభం దగ్గరున్న మా బావ జీడితోటకి వెళ్లాను. తోటలో తిరగడానికి ఆయన పాత ఏటీవీ ఒకటి కొన్నాడు, మట్టిలో తోలే నాలుగు లావు టైర్ల బండి, నాలుగు చక్రాలూ ఇంజిన్‌తోనే తిరిగే ఫోర్ బై ఫోర్, దాన్ని చూసిన దగ్గర్నుంచీ నా చేతులు ఊరుకోలేదు. ఎర్రమట్టి దిబ్బల మీద తిప్పుదాం బావా అంటే తిట్టాడు, వేల ఏళ్లుగా పేరుకున్న దిబ్బలు అవి, వాటి మీద టైర్లు తిప్పడమేంట్రా అని. నిజమే. పైగా ఈ బండికి రిజిస్ట్రేషన్ లేదు, రోడ్డెక్కకూడదు. చివరికి గోస్తని ఒడ్డుకి బయల్దేరాం.

ఉభాలు (వరి నాట్లు) నడుస్తున్న రోజులు, ఎటు చూసినా నీళ్లే. గట్టు పక్కన తుంగ మొలిచిన జాగా ఒకటి గట్టి నేలలాగే కనపడింది. నేనే తోలుతున్నాను. ముందు చక్రాలు దిగాయి, ఎక్సలేటర్ ఇంకా ఇచ్చాను (తప్పు అదే), వెనక చక్రాలు తవ్వుకుంటూ పోయి బండి సీటు దాకా కూరుకుపోయింది. గుడగుడమని ఇంజిన్ ఆగిపోయింది. బావ మోకాళ్ల దాకా బురదలో నిలబడి, "నువ్వేం ముట్టుకోకు, ట్రాక్టర్ తెస్తాను" అని ఊళ్లోకి వెళ్లాడు.

ఆయన గట్టు దిగి కనుమరుగవ్వగానే నేను సెల్ఫ్ నొక్కాను. ఒక్కసారే. టక్ మంది, అంతే, బిగుసుకుపోయింది. చెయ్యి వెనక్కి లాగేసుకున్నాను.

ట్రాక్టర్ వచ్చింది, తాడు కట్టి లాగారు, ఎక్కించడానికి నలుగురు పట్టారు. టాటా ఏస్‌లో వేసుకుని తగరపువలస, ఆనందపురం, పెందుర్తి మీదుగా గాజువాక ఆటోనగర్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దారంతా బురద ఎండి పెచ్చులుగా రాలుతూనే ఉంది.

మెకానిక్ బండి చుట్టూ ఒక రౌండేసి అడిగిన మొదటి మాట: "సెల్ఫ్ గానీ కొట్టారేటి బాబూ?"

"అస్సలు లేదు" అన్నాడు బావ గట్టిగా. నేను సైలెన్సర్ వైపు చూస్తూ నిలబడ్డాను.

"మంచి పని చేశారు. ఇంజిన్ లోపలికి నీళ్లు పోయుంటాయి. గాలైతే నొక్కుకుపోద్ది, నీరు నొక్కుకోదు. పిస్టన్ పైకొచ్చి దాన్ని గుద్దిందంటే కనెక్టింగ్ రాడ్డే వంగిపోద్ది." నా కడుపులో తిప్పింది.

స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రానికి ఎదురుగా ఎవరూ నిలబడొద్దని చెప్పి, అప్పుడు సెల్ఫ్ కొట్టాడు. పిచికారీలాగా గోధుమరంగు నీళ్లు ఎగిరి ఎదురుగా ఉన్న షట్టర్ మీద పడ్డాయి. ఇంజిన్ తేలిగ్గానే తిరిగింది, ఏ చప్పుడూ లేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే లోపల చిన్న చెరువు, ఫోమ్ పిండితే బురద.

తర్వాత ఇంజిన్ ఆయిల్. డ్రెయిన్ బోల్ట్ తియ్యగానే కారింది ఆయిల్ కాదు, పాలెక్కువైన టీ. కొత్త ఆయిల్ పోసి, కాసేపు నడిపి, మళ్లీ దించాడు. మూడోసారికి గానీ తేనె రంగు రాలేదు. ముందు, వెనక గేర్ బాక్సుల ఆయిల్ కూడా మార్చాలన్నాడు, వాటికేమైందని అడిగితే చెప్పాడు: వేడి మీదున్న గేర్ బాక్స్ ఒక్కసారిగా చన్నీళ్లలో పడితే లోపల గాలి చల్లబడి ముడుచుకుంటుంది, గాలి పోయే గొట్టం లోంచీ సీళ్ల సందుల్లోంచీ నీళ్లని తనే లోపలికి పీల్చుకుంటుంది. నాకు ఆ రోజు దాకా తెలియదు.

ఇంజిన్ తిప్పుడుని చక్రాల వైపు అందించే బెల్ట్ మన స్కూటీలో ఉండేలాంటిదే, కాకపోతే ఇంకా వెడల్పు. కవర్ తీసి, సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టాడు. దానికి గ్రీజు చుక్క తగిలినా జారిపోతుందట. రేడియేటర్ దగ్గర నేను ప్రెషర్ గన్ అందుకోబోతే లాక్కున్నాడు. ఆ జోరుకి సన్నటి రేకులు వంగిపోతాయి, బేరింగుల మీద కొడితే సీళ్లు దాటి నీళ్లు లోపలికే పోతాయి. మామూలు పైపుతో ఇంజిన్ వైపు నుంచి బయటికి నెమ్మదిగా పట్టమన్నాడు. అరగంట పట్టాను, మట్టి వస్తూనే ఉంది. చక్రాలు ఒక్కొక్కటీ పైనా కిందా పట్టుకుని ఊపి చూశాడు, వెనక ఎడమది కటకటమంది. ఆ బేరింగూ, బ్రేక్ ప్యాడ్లూ కొత్తవి పడ్డాయి. వైర్ల జాయింట్లన్నీ విప్పి ఆరబెట్టేసరికి రెండో రోజు సాయంత్రమైంది.

డబ్బులిచ్చి వస్తుంటే బావ బండిలో సామాను సర్దుతున్నాడు. మెకానిక్ నా పక్కకొచ్చి, గొంతు తగ్గించి, "ఒక్కసారేనా కొట్టారు?" అన్నాడు.

"ఒక్కసారే."

తల ఊపి వెళ్లిపోయాడు.

తిరుగు దారిలో ఆనందపురంలో టీకి ఆగాం. "నువ్వు సెల్ఫ్ ముట్టుకోకపోబట్టి ఇంజిన్ దక్కిందిరా" అన్నాడు బావ నా భుజం తడుతూ. గ్లాసులో టీ అచ్చం ఆ మొదటి ఆయిల్ రంగులోనే ఉంది. మాట్లాడకుండా తాగేశాను.