రెండు వరసల్లోనూ అరవై

"అమ్మా, రెండు వరసల్లోనూ అరవై ఉంది!"

నాన్న షష్టిపూర్తి పీటల మీద కూర్చుని ఉన్నారు. మా అమ్మాయి శుభలేఖ వెనక పెన్నుతో గీసి తెచ్చింది. పైన 12, 24, 36, 48, 60. కింద 30, 60. రెండు అరవైల మీదా పసుపు వేలి ముద్ర.

నాన్న పుట్టింది 1966, పరాభవ నామ సంవత్సరం. ఇప్పుడు మళ్ళీ పరాభవ. ఎందుకలా అని అది అడిగితే పంతులుగారు ఓపిగ్గా చెప్పారట. గురుడు రాశిచక్రం చుట్టి రావడానికి దాదాపు 12 ఏళ్ళు, శనికి దాదాపు 30. నాన్న పుట్టినప్పుడు ఏ రాశుల్లో ఉన్నాయో, ఇంచుమించు అక్కడికే రెండూ తిరిగొచ్చాయన్నమాట.

మొన్న రాత్రి ఇదే పిల్ల గుణిజాల హోంవర్క్ ముందు కూర్చుని ఏడ్చింది. 12ని 30తో గుణిస్తే 360 వస్తుంది కదా, అది ఎందుకు తప్పని. తప్పు కాదు, 360 కూడా ఉమ్మడి గుణిజమే. కానీ అంతకంటే ముందే 60 దగ్గర ఓసారి కలిశాయి. ఆ మొదటి కలయికే క.సా.గు., అంటే కనిష్ఠ సామాన్య గుణిజం, హోంవర్క్‌లో అడిగింది అదే. నేను మాత్రం చిన్నప్పుడు నిచ్చెనలా భాగహారాలు చేసి జవాబు రాసేశాను. రెండు వరసలు ఎక్కడో కలుస్తాయని ఎవరూ చూపించలేదు. ఇలా చూపించి ఉంటే లెక్కలంటే అంత టెన్షన్ ఉండేది కాదు.

"మళ్ళీ ఎప్పుడు కలుస్తాయే?" అన్నారు నాన్న.

"నూట ఇరవైకి తాతయ్యా."

ఆ శుభలేఖ మడిచి లాల్చీ జేబులో పెట్టుకున్నారు.